చలనచిత్ర పితామహుడు ఫాల్కే

నాసిక్ నగరమునకు సుమారు 28 కిలోమీటర్ల దూరమున త్ర్యంబకేశ్వరమను పుణ్యక్షేత్రము కలదు. ఆ క్షేత్రమునకు చేరువనున్న బ్రహ్మగిరి కొండపై గోదావరీనది సన్నని ధారగా పుట్టుచున్నది. ఆ ధారయే దారిపొడవున ఎన్నియో వాగులను, నదులను కలుపుకొని, తెలుగు నేలను తడిపి, రాజమహేంద్రవరము దాటి సముద్రమున కలియుచున్నది. పుట్టినచోట దానిని చూచినవారు ఇది యంతటి మహానది యగునని ఊహింపజాలరు.

ఆ త్ర్యంబకేశ్వరముననే పుట్టిన ఒక పండితుని కుమారుడు, భార్య నగలు తాకట్టుపెట్టి, తన యింటిలోనే ఒక చిన్న పనిని ప్రారంభించెను. నేడు భారతదేశమున లక్షలాది జనులకు జీవనాధారముగానున్న చలనచిత్ర పరిశ్రమకు ఆ చిన్న పనియే నాంది యయ్యెను. ఆయన పేరు ధుండిరాజ్ గోవింద ఫాల్కే. లోకము ఆయనను దాదాసాహెబ్ ఫాల్కే యని గౌరవముతో పిలిచినది.

ఫాల్కే 1870వ సంవత్సరము ఏప్రిల్ 30వ తేదీన జన్మించెను. తండ్రి గోవింద సదాశివ ఫాల్కే సంస్కృత పండితుడు. దాజీశాస్త్రి యని ప్రసిద్ధుడు. తల్లి ద్వారకాబాయి. శాస్త్రాధ్యయనము, పౌరోహిత్యము ఆ యింటివారి వృత్తులు. ఆ కాలమున అట్టి కుటుంబములలో పుట్టినవాడు పండితుడు కావలెను, లేదా ఉపాధ్యాయుడు కావలెను. అదియు కానిచో దొరతనమువారి కచేరీలో ఉద్యోగి కావలెను. వస్తువును తయారుచేసి అమ్ముకొని బ్రదుకుట తమకు తగిన పని కాదని వారి తలంపు. అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టుట, లాభనష్టములు లెక్కించుట, బజారులో పోటీపడుట ఆ వంశమువారు ఎఱుగని విద్యలు. బొమ్మలు గీయుట, వేషములు కట్టుట వేడుకకేగాని జీవనమునకు పనికిరావని పెద్దల అభిప్రాయము.

ధుండిరాజ్‌కు మాత్రము బాల్యమునుండియు వేడుక పనులయందే మక్కువ. బొమ్మలు గీయుట, నాటకములాడుట, ఇంద్రజాలము చేయుట అతనికి ప్రీతి. తండ్రికి బొంబాయిలోని విల్సన్ కళాశాలలో సంస్కృత బోధకుని ఉద్యోగము లభింపగా కుటుంబము బొంబాయికి తరలివచ్చెను. 1885వ సంవత్సరమున ధుండిరాజ్ జె. జె. చిత్రకళా పాఠశాలలో చేరెను. పిమ్మట అన్నగారితో బరోడా నగరమునకు పోయి, అచ్చటి కళాభవనమున విద్యార్థి యయ్యెను.

చేతిపనులను, యంత్రవిద్యలను శాస్త్రీయముగా నేర్పుటకై ఏర్పడిన విద్యాలయము కళాభవనము. అచ్చట ఫాల్కే తైలవర్ణ చిత్రములను వ్రాయ నేర్చెను. ఛాయాచిత్రములు తీయ నేర్చెను. దాని ప్రధానాధ్యాపకుడైన గజ్జర్ మహాశయుడు ఈ యువకుని నేర్పును గుర్తించి, అతనిని రత్లాం పట్టణమునకు పంపి మూడు రంగుల అచ్చుదిమ్మలు చేయు విద్యను నేర్పించెను. ఒక విద్యతో తృప్తిపడక, దానిని ఆనుకొనియున్న వేఱొక విద్యను నేర్చుకొనుట ఫాల్కే స్వభావము. ఇన్ని పనులు నేర్చి ఒక్కదానిలోను నిలువడని బంధువులు విసుగుకొనిరి. ఆ విద్యలన్నియు ఒకనాడు ఒక్క పనియందే అక్కఱకు వచ్చునని అప్పుడు ఫాల్కేకు కూడ తెలియదు.

చదువు ముగిసిన పిదప ఆయన గుజరాతులోని గోధ్రా పట్టణమున ఛాయాచిత్రములు తీయు వృత్తిని అవలంబించెను. ఇంతలో పెనువిపత్తు సంభవించెను. ప్లేగు వ్యాధి ఆ ప్రాంతమున ప్రబలి ఆయన భార్యను, బిడ్డను బలిగొనెను. దుఃఖభారముతో ఆయన బరోడాకు తిరిగివచ్చి, మరల ఛాయాచిత్రశాలను తెఱచెను. అయితే కెమేరా మనుష్యుని ఒంటిలోని శక్తిని పీల్చివేయుననియు, ఫొటో తీయించుకొన్నవారికి ఆయువు తఱుగుననియు ఊరిలో ఒక వదంతి పుట్టినది. జనులు ఆ యంత్రము ఎదుట నిలుచుటకే జంకిరి. పనివాడు నిపుణుడైనను, యంత్రము మంచిదైనను, కొనువారికి విశ్వాసము లేనిచో వ్యాపారము సాగదని ఫాల్కేకు మొదటిసారి తెలిసివచ్చెను.

ఛాయాచిత్రశాల మూతపడినది. ఫాల్కే నాటక సమాజములకు తెరలు చిత్రించి పొట్టపోసికొనెను. జర్మను ఇంద్రజాలికుని యొద్ద కొన్ని విద్యలు నేర్చి, తన పేరులోని అక్షరములను తారుమారుచేసి, ప్రొఫెసర్ కెల్ఫా యను పేరుతో గారడీ ప్రదర్శనములిచ్చెను. 1902వ సంవత్సరమున ఆయన కిర్లోస్కర్ నాటక మండలి యజమానికి బంధువైన ఒక కన్యను వివాహమాడెను. పుట్టింట ఆమె పేరు గిరిజ, అత్తవారింట సరస్వతి. ఈ సరస్వతీబాయి లేనిచో ఫాల్కే చరిత్రయే లేదని చెప్పవచ్చును.

సంసారము ఏర్పడినది, నిలుకడగల ఆదాయము కావలసివచ్చెను. 1903లో ఫాల్కే ప్రభుత్వ పురావస్తు శాఖలో ఛాయాచిత్రకారుడుగను, చిత్రలేఖకుడుగను ఉద్యోగమున చేరెను. నెల తిరుగుసరికి జీతము వచ్చుచుండెను. బంధువులు సంతసించిరి. కాని అప్పటికి దేశమున స్వదేశోద్యమము విజృంభించినది. మనకు కావలసిన వస్తువులను మనమే తయారుచేసికొనవలెనను భావము యువకుల హృదయములలో నాటుకొనినది. ఫాల్కే మూడేండ్లకే ఉద్యోగము విడిచిపెట్టి, ఒక భాగస్వామితో కలిసి లోనావ్లాలో అచ్చుకూటమును స్థాపించెను. చేతిలోని జీతమును వదలుకొని అప్పులపాలగుట తెలివితక్కువయని పలువురు తలంచిరి.

ఆ అచ్చుకూటమునకు మొదట రాజా రవివర్మ ముద్రణాలయమువారి పని దొరకినది. రవివర్మ చిత్రించిన దేవతామూర్తులు అచ్చుబొమ్మలుగా దేశమంతట ఇంటింటి గోడలపై వెలసిన కాలమది. ఆ బొమ్మలను రాతి అచ్చునకు అనువుగా సిద్ధముచేయు పనిలో ఫాల్కేకు ఒక సత్యము గోచరించెను. చదువురాని వారును పురాణకథలను ఎఱుగుదురు. ఆ కథలలోని మూర్తులను కన్నులార చూచుటకు ఎల్లరును ఆశపడుదురు. ఈ సత్యమే తరువాత ఆయన చలనచిత్రములకు పునాది యయ్యెను.

పని పెరుగగా అచ్చుకూటము బొంబాయిలోని దాదరుకు తరలెను. కొత్త భాగస్వామి చేరెను. దానికి లక్ష్మీ ఆర్టు ప్రింటింగ్ వర్క్స్ అను పేరు వచ్చెను. 1909లో ఫాల్కే రంగుల అచ్చుయంత్రములకై జర్మనీ దేశమునకు పోయి వచ్చెను. వ్యాపారము వృద్ధి చెందినది. కాని భాగస్వాములకు పొత్తు కుదరలేదు. పనిని ఎట్లు నడుపవలెనను విషయమున భేదములు పెరిగి, చివరకు ఫాల్కే ఒక్క రూపాయియైనను తీసికొనక బయటికి వచ్చెను. వేఱొక అచ్చుకూటము పెట్టించెదమని కొందఱు ధనికులు ముందుకు వచ్చినను ఆయన అంగీకరింపలేదు. అప్పటికి ఆయనకు నలువది యేండ్లు దాటినవి. ఇంటిలో చిన్నపిల్లలు. చేతిలో పని లేదు.

ఆ దినములలోనే, 1911వ సంవత్సరమున, ఆయన బొంబాయి గిర్గాంలో ఒక డేరాలో ప్రదర్శించుచున్న చలనచిత్రమును చూచుట తటస్థించెను. మొదటినాడు కుమారునితో పోయి జంతువుల చిత్రమును చూచెను. తెరపై జంతువులు కదలెనని చెప్పగా ఇంటివారు నమ్మలేదు. మఱునాడు భార్యతోను, పిల్లలతోను మరల పోయెను. అది క్రైస్తవుల ఈస్టరు పండుగ సమయము. ఆనాడు ఏసుక్రీస్తు చరిత్రను ప్రదర్శించిరి. తెరపై క్రీస్తు నడచుచుండగా ఫాల్కే కన్నులకు శ్రీకృష్ణుడు, శ్రీరాముడు, గోకులము, అయోధ్య కనబడసాగెను. మన కథలను మనవారే ఇట్లు తెరపై చూపునట్టి దినము వచ్చునా యని ఆయన మనస్సు తహతహలాడెను. తాను అంతవఱకు నేర్చిన చిత్రలేఖనము, ఛాయాగ్రహణము, అచ్చుపని, తెరల చిత్రణము, నాటకము, గారడీ అన్నియు ఈ ఒక్క కళలో కలియుచున్నవని ఆయనకు స్ఫురించెను.

ఫాల్కేకు పూర్వము మనదేశమున చలనచిత్రములు తీసినవారు లేకపోలేదు. సావే దాదా యను నామాంతరముగల భాటవడేకర్ 1899లోనే బొంబాయిలో ఒక కుస్తీ పోటీని చిత్రించెను. 1912లో పుండలీక్ అను నాటకమును రంగస్థలముపై ఆడుచుండగా కెమేరాతో తీసిరి. కాని ఒక పూర్తి కథను తెరకొఱకే కల్పించి, దేశీయులచేతనే సమస్తము చేయించి, దానిని ఒక పరిశ్రమగా నెలకొల్పవలెనను సంకల్పము ఫాల్కేది.

సంకల్పము గొప్పది, సాధనములు శూన్యము. ఆయన చిన్న కెమేరాను, కొన్ని ఫిల్ము చుట్టలను కొని, రాత్రివేళ కొవ్వొత్తి వెలుగును కటకము గుండ ప్రసరింపజేసి గోడపై బొమ్మలు చూచుచు ప్రయోగములు చేసెను. ప్రతిదినము గంటల తరబడి చలనచిత్రములు చూచెను. నిద్ర తగ్గెను. ఆ శ్రమవలన కన్నులు దెబ్బతిని కొంతకాలము చూపు పోయినంత పని జరిగెను. చిత్రకారునికి కన్నులే కదా మూలధనము! వైద్యుని చికిత్సవలనను, సరస్వతీబాయి సేవవలనను ఆయనకు మరల చూపు వచ్చెను. చూపు వచ్చినదే తడవుగా ఆయన మరల ఆ పనికే పూనుకొనెను.

ఈ విద్యను సమగ్రముగా నేర్చుటకు ఇంగ్లండునకు పోవలెను; దానికి ధనము కావలెను. భూములు లేవు, మేడలు లేవు. తన జీవిత భీమా పత్రములను తాకట్టుపెట్టి ఆయన పదివేల రూపాయలు సంపాదించెను. తనకేమైన జరిగినచో భార్యాబిడ్డలకు దిక్కగునని ఉంచిన ధనమది. 1912వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన ఆయన ఓడయెక్కెను.

లండనులో ఆయనకు తెలిసినవారు ఒక్కరును లేరు. చలనచిత్రములను గూర్చిన ఒక వారపత్రిక కార్యాలయమునకు పోయి, దాని సంపాదకుడైన కాబోర్న్ దొరను కలిసికొనెను. మొదట ఆ దొర ఈ వ్యాపారము వలదని హితవు చెప్పెను. పిమ్మట ఫాల్కే పట్టుదలను చూచి, వాల్టన్ నగరమున చిత్రములు తీయుచున్న సెసిల్ హెప్‌వర్త్ అను నిర్మాతకు పరిచయము చేసెను. హెప్‌వర్త్ తన చిత్రశాలలోని రహస్యములన్నియు దాచక చూపెను. ఫాల్కే విలియమ్సన్ కంపెనీ కెమేరానొకటి కొని, ఫిల్మునకును, ఫిల్ము అంచులకు రంధ్రములు పొడుచు యంత్రమునకును డబ్బు కట్టి, రెండు నెలలలో బొంబాయికి తిరిగివచ్చెను.

యంత్రములు వచ్చినవి. వానిని నడుపు పనివారు దేశమున లేరు. ఫాల్కే తన ఇంటివారినే పనివారినిగా తీర్చిదిద్దెను. ఆ కాలమున అంచులకు రంధ్రములు లేని ఫిల్ము వచ్చుచుండెను. చీకటి గదిలో, వెలుతురు సోకకుండ, ఆ రంధ్రములను సమానమైన ఎడముతో పొడువవలెను. ఒక్కటి తప్పినను బొమ్మ తెరపై గంతులు వేయును. ఈ సున్నితమైన పనిని సరస్వతీబాయి నేర్చెను. ఫిల్మును మందులలో కడుగుట, ఆరబెట్టుట, అతుకుట కూడ ఆమెయే నేర్చెను. పాఠశాలలో యంత్రవిద్య చదువని ఆ గృహిణి, భారతదేశపు తొలి చలనచిత్ర సాంకేతిక నిపుణులలో ఒకరయ్యెను.

ఇక పెట్టుబడి కావలెను. నోటిమాటను నమ్మి ధనమిచ్చువారు లేరు. అప్పుడు ఫాల్కే ఒక ఉపాయము చేసెను. ఒక కుండీలో బఠాణీ గింజను నాటి, దాని యెదుట కెమేరాను స్థిరముగా నిలిపి, నెలకు పైబడి దినమున కొంచెముగా చిత్రించెను. ఆ ఫిల్మును తెరపై వేయగా, గింజ మొలకెత్తి, ఆకులు తొడిగి, తీగ సాగుట ఒక్క నిమిషములో కనుల యెదుట జరిగినట్లు కనబడెను. దానిని చూచిన కొందఱు మిత్రులు అబ్బురపడి అప్పు ఇచ్చుటకు అంగీకరించిరి. అయినను హామీ కావలెననిరి. సరస్వతీబాయి వెనుకాడక తన నగలను తీసియిచ్చెను. ఒక బఠాణీ గింజ, ఒక యిల్లాలి నగలు, ఇవియే భారతీయ చలనచిత్ర వ్యాపారమునకు తొలి మూలధనము.

కథగా ఫాల్కే హరిశ్చంద్రుని చరిత్రను ఎన్నుకొనెను. సత్యమునకై రాజ్యమును, ఆలుబిడ్డలను కూడ వదలుకొన్న ఆ రాజు కథ దేశమున ఎల్లరకు తెలిసినదే. దాదరులోని ఫాల్కే ఇల్లే చిత్రశాల యయ్యెను. దబ్కే యను నటుడు హరిశ్చంద్రుడు. ఫాల్కే కుమారుడు భాలచంద్రుడు రోహితాశ్వుడు. చంద్రమతికి మాత్రము ఎవరును దొరకలేదు. ఆ కాలమున కెమేరా యెదుట నిలుచుట స్త్రీలకు మహాపరాధముగా ఎంచబడుచుండెను. ఎంత వెదకినను ఒక్క స్త్రీయైనను ఒప్పుకొనలేదు. తుదకు ఒక భోజనశాలలో పనిచేయుచున్న సాళుంకే యను సుకుమారుడైన యువకుడు ఫాల్కే కంట బడెను. నెలకు పది రూపాయలు తెచ్చుకొనుచున్న అతనికి పదునైదు రూపాయలు ఇచ్చెదనని ఒప్పించి, ఫాల్కే అతనిచే చంద్రమతి వేషము కట్టించెను.

స్త్రీ వేషధారులకు మీసములు తీయవలసి యుండెను. తండ్రి మరణించినప్పుడు తప్ప మీసము తీయరాదను ఆచారము గలవారు దానికి సమ్మతింపలేదు. ఫాల్కే వారి తండ్రులకు కూడ నచ్చజెప్పవలసివచ్చెను. చలనచిత్రములలో పనిచేయుచున్నామని చెప్పిన, ఇంటివారు వెలివేయుదురని భయపడిన నటులకు ఆయన ఒక ఉపాయము నేర్పెను. హరిశ్చంద్రుని కర్మాగారములో పనిచేయుచున్నామని చెప్పుకొనవలసినదనెను. ఆ మాటలో అసత్యమును లేదు; ఆ పేరున తప్పు పట్టువారును లేరు.

కర్మాగారమునకు అన్నపూర్ణ సరస్వతీబాయి. ఉదయమున లేచి పనివారందఱికి వంట చేసి వడ్డించెడిది. వారి బట్టలు ఉదికెడిది. పగలు మండుటెండలో తెల్లని దుప్పటిని పట్టుకొని, నటుల మొగములపై వెలుతురు పడునట్లు నిలిచెడిది. రాత్రి చీకటిగదిలో ఫిల్మునకు రంధ్రములు పొడిచెడిది. వీని నడుమ తన బిడ్డలను సాకెడిది. ఫాల్కే కథ వ్రాయుట, తెరలు చిత్రించుట, వేషములు దిద్దుట, నటన నేర్పుట, కెమేరా త్రిప్పుట మొదలగునవన్నియు చూచుకొనెను.

ఒకమాఱు వారందఱు వనదృశ్యములు తీయుటకై వంగణి యను గ్రామమునకు పోయిరి. కత్తులు, డాళ్ళు ధరించిన మనుష్యులు ఊరిబయట గుంపుగా తిరుగుట చూచి గ్రామస్థులు వారిని దోపిడిదొంగలని తలంచి అధికారులకు తెలిపిరి. ఫాల్కే కెమేరాను తెఱచి చూపి, నటులచే ఒక ఘట్టమును ఆడించి చూపిన పిదపగాని వారి అనుమానము తీఱలేదని చెప్పుదురు. చేయుచున్న పని ఎంత కొత్తదో, దానికి ఊరిలో పేరుకూడ లేని దినములెట్టివో ఈ సంఘటనవలన తెలియును.

ఆఱు నెలల ఇరువదియేడు దినముల శ్రమ ఫలించెను. 3,700 అడుగుల పొడవుగల రాజా హరిశ్చంద్ర చిత్రము సిద్ధమయ్యెను. 1913వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన దానిని నగర ప్రముఖులకు ప్రదర్శించిరి. మే 3వ తేదీన బొంబాయిలోని కారొనేషన్ సినిమాలో ప్రజలకు ప్రదర్శించిరి. మాటలు లేని చిత్రమది; కథ తెలుపు వాక్యములు తెరపై అక్షరములలో కనబడును. తమకు తెలిసిన రాజు, తమకు తెలిసిన కథ, తమ దేశపు నదులు, చెట్లు తెరపై కదలుచుండగా జనులు పరవశించిరి. వారము దినములకని ఏర్పాటుచేసిన ప్రదర్శనమును పొడిగింపవలసివచ్చెను.

అయితే ఊరూర ఇట్టి ఆదరణము దానంతట రాలేదు. సూరతు పట్టణమున మొదటినాడు వసూలైనది మూడు రూపాయలు మాత్రమే. తెల్లవార్లు సాగు నాటకమునకు అలవాటుపడినవారు గంటన్నరలో ముగియు చిత్రమునకు డబ్బిచ్చుటకు ఇష్టపడలేదు. ఫాల్కే దిగులుపడక కొత్తగా ప్రకటన చేయించెను. మూడణాలకే ఏబదియేడువేల ఛాయాచిత్రములు చూడవచ్చుననియు, చిత్రము రెండు మైళ్ళ పొడవుగలదనియు చాటించెను. అడుగునకు పదునాఱు బొమ్మల చొప్పున లెక్కించిన ఏబదియేడువేల మాట ఇంచుమించు సత్యమే. రెండు మైళ్ళ మాట అతిశయోక్తి. ప్రకటన ఫలించి ఒక్కనాటి వసూలు మూడువందల రూపాయలకు పెరిగెనట. బరోడాలో నాడు ఛాయాచిత్రశాల మూతపడినప్పుడు నేర్చిన పాఠము ఇచ్చట అక్కఱకు వచ్చెను. వస్తువును మంచిగా చేసినంత చాలదు. దాని విలువ జనులకు బోధపడునట్లు చెప్పవలెను.

ఫాల్కే తన చిత్రశాలను నాసిక్ నగరమునకు మార్చెను. అచ్చట తీసిన మోహినీ భస్మాసుర చిత్రమున దుర్గాబాయి కామత్, ఆమె కుమార్తె కమలాబాయి నటించిరి. అంతకు ముందటి సంవత్సరము ఒక్క స్త్రీయు దొరకని చోట, తల్లీకూతుండ్రు ఇరువురు ముందుకు వచ్చిరి. 1914లో ఫాల్కే తన చిత్రములను లండనులో ప్రదర్శింపగా అచ్చటివారు మెచ్చుకొనిరి. తమ దేశముననే ఉండి చిత్రములు తీయుమని, గొప్ప జీతముతో పాటు లాభములో భాగము ఇచ్చెదమని హెప్‌వర్త్ కోరెను. ఫాల్కే అంగీకరింపలేదు. ఆయన కోరినది తన జీవనము మాత్రమే కాదు. ఈ పరిశ్రమ స్వదేశమున వేరూనుట ఆయన కోరిక.

ఆయన తిరిగివచ్చునప్పటికి ప్రపంచ యుద్ధము ప్రారంభమైనది. అప్పులిచ్చువారు చేతులు ముడుచుకొనిరి. ఎన్నో ఇక్కట్లు పడి 1917లో లంకాదహనము తీసెను. దానిలో సాళుంకేయే శ్రీరాముడు, అతడే సీత. ఆ చిత్రము దేశమున మారుమ్రోగెను. చెన్నపట్టణమున దానికి వచ్చిన నాణెములను సంచులకెత్తి, పోలీసుల రక్షణతో ఎడ్లబండిపై తరలించిరని నేటికిని చెప్పుకొందురు.

ఇంతటి విజయము వచ్చినప్పుడు ధనికులు తామే వెదకుకొని వచ్చిరి. 1918లో బొంబాయి వర్తకుల పొత్తుతో హిందూస్థాన్ ఫిల్ము కంపెనీ ఏర్పడెను. ఆ కంపెనీలో ఫాల్కే శ్రీకృష్ణజన్మము, కాళీయమర్దనము మొదలగు చిత్రములు తీసెను. బాలకృష్ణుని పాత్రను ఆయన కుమార్తె మందాకిని ధరించి ప్రేక్షకుల మన్ననలందుకొనెను. కాని అచ్చుకూటమున జరిగినదే ఇచ్చటను జరిగెను. ఖర్చు తగ్గవలెనని, చిత్రము త్వరగా ముగియవలెనని పెట్టుబడిదారుల కోరిక. పని తన మనస్సునకు నచ్చునంతవఱకు దిద్దవలెనని ఫాల్కే కోరిక. ఉభయుల మాటలోను కొంత న్యాయము కలదు. ధనమును కాపాడువారు లేనిచో పరిశ్రమ నిలువదు. పనిని ప్రేమించువాడు లేనిచో పరిశ్రమ పుట్టనే పుట్టదు. ఆ రెంటికి పొత్తు కుదుర్చుట మాత్రము ఫాల్కేకు జీవితమున ఎన్నడును సాధ్యము కాలేదు. ఆయన మనస్సు విరిగి కుటుంబముతో కాశీకి వెడలిపోయెను.

కాశీలో ఆయన రంగభూమి యను నాటకమును రచించెను. కొంతకాలమునకు కంపెనీవారు మరల పిలువగా తిరిగివచ్చి, జీతమునకు చిత్రములు తీసెను. ఇంతలో కాలము మాఱెను. 1931లో మాటలాడు చిత్రములు వచ్చినవి. మూకచిత్రముగా తీసిన సేతుబంధనమునకు తరువాత మాటలు చేర్చవలసివచ్చెను. 1937లో కొల్హాపురమున ఒక కంపెనీకి తీసిన గంగావతరణము ఆయన తొలి మాటల చిత్రము, తుది చిత్రము కూడ. పిమ్మట ఆయన నాసిక్‌లో, గోదావరీ తీరమున, నిరాడంబరముగా శేషజీవితము గడపెను. తన చేతిమీదుగా తొంబదికి పైగా పెద్ద చిత్రములు వెలువడినను, ఆయన కూడబెట్టినది స్వల్పము. 1944వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన ఆయన కన్నుమూసెను. అప్పటికి ఆయనను స్మరించువారు కొద్దిమందియే యుండిరి.

ఫాల్కే చిత్రములలో పెక్కు నేడు లభించుటలేదు. రాజా హరిశ్చంద్రలో కూడ కొంత భాగమే మిగిలినది. కాని ఆయన త్రవ్విన కాలువ ఎండిపోలేదు. ఆయన హరిశ్చంద్ర వెలువడిన కొలది యేండ్లకే తెలుగువాడైన రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ చెన్నపట్టణమున చిత్రనిర్మాణమునకు పూనుకొనిరి. వెంకయ్య కూడ ఛాయాచిత్రశాలతో జీవితము ప్రారంభించినవాడే. 1969లో భారత ప్రభుత్వము చలనచిత్ర రంగమున విశిష్ట సేవ చేసినవారికై ఫాల్కే పేరిట ఒక పురస్కారమును నెలకొల్పినది. బి. ఎన్. రెడ్డి, ఎల్. వి. ప్రసాద్, బి. నాగిరెడ్డి, అక్కినేని నాగేశ్వరరావు, డి. రామానాయుడు, కె. విశ్వనాథ్ మున్నగు తెలుగువారు ఆ గౌరవమును పొందిరి.

ఆ పురస్కారము పేరు విన్నప్పుడు, మండుటెండలో తెల్లని దుప్పటి పట్టుకొని నిలిచిన సరస్వతీబాయిని కూడ స్మరింపవలెను. ఎవరును నడువని దారిని నడచువానికి మొదట తోడుగా వచ్చునవి ధనమును, కీర్తియు కావు. నేర్చుకొనవలెనను తపన, తప్పినను మరల మొదలుపెట్టు ధైర్యము, ఇంటివారి నమ్మకము, ఇవియే తోడు వచ్చును. బ్రహ్మగిరిపై పుట్టిన నీటిచుక్కకు సముద్రము కనబడదు. అయినను అది సాగుట మానదు. ఫాల్కే జీవితము అట్టిది.